మసక వెలుగులో మనుషులు

వెలుగును చిత్రించడం కష్టమని లోకం సాధారణంగా అనుకుంటుంది. కుంచె పట్టి కొంతకాలం శ్రమించినవారిని అడిగితే మాత్రం వెలుగుకంటె మసక చీకటిని చిత్రించడమే కష్టమని చెబుతారు. పట్టపగటి ఎండలో వస్తువు తనంతట తానే కనిపిస్తుంది. దాని అంచులు, రంగులు, ఎత్తుపల్లాలు కంటికి ఎదురు వస్తాయి. ఒకే ఒక దీపం వెలుగుతున్న గదిలో అట్లా కాదు. అక్కడ మనిషి సగమే కనిపిస్తాడు. మిగిలిన సగాన్ని మనం ఊహించుకుంటాం. కనిపించిన సగాన్ని నిజాయితీగా చిత్రించి, కనిపించని సగాన్ని చూసేవారి ఊహకు విడిచిపెట్టడమే చిత్రకారుని పని. అట్లా విడిచిపెట్టడంలో ఎంత విద్య ఉన్నదో, ఎంత వినయం ఉన్నదో నాకు తెలిసినంతవరకు ఈ వ్యాసంలో చెప్పదలచుకొన్నాను.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. చిత్రకళ నా వృత్తి కాదు. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో గ్రంథాలయంలోని చిత్రకళా గ్రంథాలు తిరగవేయడం అలవాటయింది. ప్రబంధాలలోని వర్ణనలకు విసిగిన పూట ఆ రంగుల పుటలు నాకు విశ్రాంతి నిచ్చేవి. ఉద్యోగం వచ్చిన తరువాత తైలవర్ణాల గొట్టాలు నాలుగైదు, రెండు మూడు కుంచెలు కొనుక్కొన్నాను. నాటినుండి ఆదివారాలు వాటికే అంకితమయ్యాయి. గత రెండేళ్ళుగా ఒకే చిత్రం మీద పని చేస్తున్నాను. లాంతరు చుట్టూ కూర్చున్న ఐదుగురు మనుషుల చిత్రమది. దాని సంగతి చెప్పే ముందు దీపం సంగతి, కన్ను సంగతి కొంత చెప్పడం అవసరం.

మన కంటిలో వెలుగును గ్రహించే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. రంగులను, సూక్ష్మమైన వివరాలను పోల్చుకొనే శంకు కణాలు సుమారు 60 లక్షలు. మసక వెలుగులో మాత్రమే చక్కగా పనిచేసే దండ కణాలు సుమారు 12 కోట్లు. దండ కణాలకు వెలుగు తెలుసును గాని రంగు తెలియదు. అందుచేతనే వెలుగు తగ్గిన కొద్దీ రంగులు ఒక్కొక్కటిగా సెలవు తీసుకొంటాయి. సాయంసంధ్యలో మందార మొక్కను గమనించండి. పగలు ఆకులకంటె ఎంతో ప్రకాశంగా వెలిగిన ఎర్రని పువ్వు, పొద్దు వాలగానే ఆకులకంటె నల్లబడి కనిపిస్తుంది. మొదట చనిపోయే రంగు ఎరుపే. ఈ విశేషాన్ని 1825లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ప్రకటించాడు. చిత్రకారులు మాత్రం అంతకు పూర్వమే దానిని కుంచెతో పట్టుకొని ఉన్నారు. వెలుగునుండి చీకటి గదిలోకి వచ్చిన కన్ను ఆ చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి సుమారు అరగంట పడుతుంది. చీకటిని చూడాలంటె ముందుగా ఓపిక కావాలన్నమాట.

ఇక దీపం సంగతి. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు విలోమ వర్గ సూత్రం తెలిసినదే. దీపానికి ఒక గజం దూరంలో ఉన్న ముఖం మీద పడే వెలుగుతో పోలిస్తే, రెండు గజాల దూరంలో ఉన్న ముఖం మీద పడేది సగం కాదు, నాలుగవ వంతు మాత్రమే. మూడు గజాల దూరంలో తొమ్మిదవ వంతే. సూర్యుడు ఈ భేదం చూపడు. ఆయన కోట్ల మైళ్ళ దూరంలో ఉన్నాడు గనుక ఆ గోడ దగ్గర కూర్చున్నవారికి, ఈ గోడ దగ్గర కూర్చున్నవారికి సమానంగానే పంచుతాడు. దీపం అట్లా కాదు. దాని కొలువులో దగ్గరివారికి ఒక మర్యాద, దూరపువారికి మరొక మర్యాద. ఒక గదిలో దీపం పెట్టినంత మాత్రాన ఆ గదిలోనివారందరికీ ఒకే వెలుగు అందినట్లు కాదు. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

చిత్రకారునికి మరొక చిక్కు ఉన్నది. దీపపు జ్వాలకూ గది మూలనున్న చీకటికీ మధ్యగల తారతమ్యం వేల రెట్లలో ఉంటుంది. చిత్రపటం మీద తెల్లరంగుకూ నల్లరంగుకూ మధ్యగల తారతమ్యం కొన్ని పదుల రెట్లకు మించదు. తెల్లరంగు ఎంత తెల్లనైనా అది వెలగదు. అందుచేత జ్వాలను వెలిగించదలచినవాడు దాని చుట్టూ ఉన్నదానిని తగ్గించుకొంటూ పోవాలి. ముఖాలు తగ్గాలి, బట్టలు తగ్గాలి, గోడలు తగ్గాలి. అప్పుడుగాని ఆ చిటికెడు పసుపు దీపమని నమ్మబుద్ధి కాదు.

ఇంకొక ఇబ్బంది మరీ విచిత్రమైనది. మసక గదిని అక్కడే కూర్చొని చిత్రిద్దామంటె రంగులు కనిపించవు. నీలమనుకొని తీసినది నలుపవుతుంది. రంగులు కనిపించడానికి ప్రక్కన మరొక దీపం పెట్టుకొంటె కన్ను ఆ వెలుగుకు అలవాటుపడి ఎదుట ఉన్న చీకటి కనిపించకుండా పోతుంది. కనుక మసక వెలుగును ఎవరూ చూస్తూ చిత్రించలేరు. చూచి, జ్ఞాపకం పెట్టుకొని, పగటి వెలుగులో చిత్రించవలసిందే. ఆ విధంగా ఇది కన్నుకంటె జ్ఞాపకానికి ఎక్కువ సంబంధించిన విద్య.

ఈ పనికి తైలవర్ణాలే ఎందుకు అనువైనవని ఎవరైనా అడగవచ్చు. నీటి రంగులతో సాధ్యం కాదని కాదు. మైసూరు జగన్మోహన భవనంలో చేతిలో దీపం పట్టుకొన్న స్త్రీ చిత్రం ఉన్నది. విహారయాత్రకు వెళ్ళిన విద్యార్థులు దానిని చూసి ఉంటారు. హల్దంకర్ వేసిన ఆ చిత్రాన్ని చాలామంది తైలవర్ణ చిత్రమని భ్రమపడతారు గాని అది నీటి రంగులతో వేసినది. అట్టి నేర్పు అందరికీ అబ్బేది కాదు. మావంటివారికి నూనె ఇచ్చే సదుపాయం వేరు. అవిసె నూనెతో నూరిన రంగు నీటివలె ఆవిరై ఆరిపోదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని మెల్లగా గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. ఆ రోజులలో తుడవవచ్చు, కలపవచ్చు, అంచులను మెత్తబరచవచ్చు. చీకటిలో అంచులు ఉండవు గదా! పైగా పలుచని నూనెరంగు గాజువలె పారదర్శకంగా ఉంటుంది. పొర మీద పొరగా పూస్తే వెలుగు ఆ పొరలలోనికి దిగి తిరిగివస్తుంది. చీకటికి లోతు వచ్చేది అందువల్లనే.

పాతకాలపు చిత్రకారుల సూత్రం స్థూలంగా ఇది: చీకటిని పలుచగా పూయాలి, వెలుగును దట్టంగా పెట్టాలి. క్రింది పొరలలో నూనె తక్కువ, పై పొరలలో నూనె ఎక్కువ ఉండాలి. లేనిచో కొంతకాలానికి చిత్రం బీటలు వారుతుంది. నేను అనుసరించే పద్ధతి చెబుతాను. ముందుగా గుడ్డనంతటినీ టర్పెంటైన్‌లో పలుచగా కలిపిన అంబర్ రంగుతో ముదురు గోధుమ వన్నెకు తెస్తాను. అది తడిగా ఉండగానే పాతగుడ్డ పీలికతో వెలుగు పడవలసిన చోట్ల తుడిచివేస్తాను. నుదురు, ముక్కు, భుజం, వేళ్ళు చీకటినుండి బయటికి వస్తాయి. నల్లరంగు గొట్టాన్ని ముట్టను. కాల్చిన అంబర్‌లో అల్ట్రామెరీన్ నీలం కలిపితే వచ్చే చీకటిలో ప్రాణం ఉంటుంది. నీలం పాలు పెంచితే చల్లబడుతుంది, అంబర్ పాలు పెంచితే వెచ్చబడుతుంది. దీపానికి దగ్గరి చీకటి వెచ్చగాను, దూరపు చీకటి చల్లగాను ఉండడం ఎవరైనా గమనించవచ్చు.

మన దేశపు సూక్ష్మచిత్రాలలో రాత్రి దృశ్యాలకు కొదవ లేదు. మొగలు చిత్రకారులు, దక్కను చిత్రకారులు దివిటీలను, కొవ్వొత్తులను, నక్షత్రాలు పొదిగిన ఆకాశాన్ని ఎంతో అందంగా వేశారు. అయితే అనేక చిత్రాలలో ఆకాశం మాత్రమే రాత్రి. మనుషులు పగటి మనుషులే. ప్రతి ముఖమూ స్పష్టంగా, ప్రతి నగా వివరంగా కనిపిస్తుంది. అది లోపం కాదు, ఒక సంప్రదాయం. అక్కడ రాత్రి అనేది చెప్పవలసిన ఒక విషయం. పదహారవ శతాబ్దం చివర ఇటలీలో కారవాజ్జో, ఆ తరువాత హాలెండులో రెంబ్రాంట్ (1606–1669) రాత్రిని వేరొక విధంగా పట్టుకొన్నారు. వారి చిత్రాలలో చీకటి మనిషిని తినివేస్తుంది; మిగిలినదానిని మాత్రమే మనకు ఇస్తుంది.

ఈ మార్గంలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా పట్టి నిలిపిన చిత్రం వాన్ గో వేసిన "బంగాళాదుంపలు తినేవారు". 1885లో నెదర్లాండ్సులోని న్యూనెన్ అనే పల్లెలో అతడు దీనిని చిత్రించాడు. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉన్నది. 82 సెంటీమీటర్ల ఎత్తు, 114 సెంటీమీటర్ల వెడల్పు. పైకప్పునుండి వ్రేలాడే ఒక నూనెదీపం, దాని క్రింద బల్ల, బల్ల చుట్టూ రైతు కుటుంబంవారు ఐదుగురు. వారి ముందు ఉడికిన దుంపల పళ్ళెం. ఒక స్త్రీ గిన్నెలలో కాఫీ పోస్తున్నది. మనకు వీపు పెట్టి నిలిచిన ఒక అమ్మాయి. ఆమె ముఖం మనకు కనిపించదు, ఆమె చుట్టూ దీపపు వెలుగు ఒక అంచులా మెరుస్తుంది.

వాన్ గో అప్పటికి చిత్రకళ మొదలుపెట్టి ఐదేళ్ళు మాత్రమే అయింది. ఆ ఏడాది మార్చి 26న అతని తండ్రి మరణించాడు. అంతకు ముందు చలికాలమంతా అతడు రైతుల గుడిసెలకు వెళ్ళి వారి తలలను సుమారు 40 వరకు చిత్రించాడు. ఆ అభ్యాసమంతా ఈ ఒక్క చిత్రానికే. తుది చిత్రాన్ని చాలావరకు చిత్రశాలలో, జ్ఞాపకంనుండి వేసినట్లు అతడు తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలలో ఉన్నది. మొదట ముఖాలను పసుపు, ఎరుపు మన్ను రంగులలో తెలుపు కలిపి వేశాడట. అవి మరీ తేటగా వచ్చాయి. అప్పుడు వాటన్నిటి మీద మళ్ళీ రంగు పూశాడు. ఏ రంగు? పొట్టు తీయని, మన్ను అంటిన దుంప రంగు! ఏ మనిషి ఏది పండించి తింటాడో ఆ రంగులోనే ఆ మనిషిని వేశాడన్నమాట. తెల్లగా కనిపించే చోట్ల కూడా అతడు వాడినది ఎరుపు, నీలం, పసుపు కలిపిన బూడిదరంగు. విడిగా చూస్తే అది మబ్బు రంగు. చుట్టూ ఉన్న చీకటి దానిని తెలుపుగా చూపుతుంది. ఈ చిత్రాన్ని పండిన గోధుమ వన్నె గోడ మీద గాని, బంగారు చట్రంలో గాని పెట్టి చూడాలని కూడా తమ్మునికి రాశాడు.

అతని మిత్రుడైన చిత్రకారుడు వాన్ రాపార్డ్ ఈ రచనకు చేసిన శిలాముద్రణ ప్రతిని చూసి నిష్ఠురంగా విమర్శించాడు. కుడివైపు మనిషికి మోకాలేది, పొట్టయేది, ఊపిరితిత్తులేవి అని ప్రశ్నించాడు. ఆ ఏడాదిలోనే వారి స్నేహం తెగిపోయింది. శరీరశాస్త్రం ప్రకారం చూస్తే ఆ విమర్శలో సత్యం లేకపోలేదు. కాని వాన్ గో ఉద్దేశం వేరు. ఏ చేతులు పళ్ళెంలోకి వెళ్ళుతున్నాయో ఆ చేతులే ఆ దుంపలకోసం నేల తవ్వాయని, వారు తినేది వారి కష్టార్జితమని చిత్రం చెప్పాలని అతడు కోరాడు. రెండేళ్ళ తరువాత పారిస్‌నుండి చెల్లెలికి రాస్తూ తాను అంతవరకు చేసినవాటిలో ఇదే ఉత్తమమైనదని చెప్పుకొన్నాడు. చనిపోయిన ఏడాది, 1890లో, దీనిని మళ్ళీ ఒకసారి చిత్రించాలని తలచాడు. ఆ కోరిక తీరలేదు.

ఇక రెండవ చిత్రం. ఫ్రాన్సుకు చెందిన జార్జ్ ద లా తూర్ (1593–1652) వేసిన వడ్రంగి చిత్రం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది. వృద్ధుడైన వడ్రంగి జోసెఫ్ వంగి కొయ్యకు బెజ్జం వేస్తున్నాడు. ఎదుట బాలుడు కొవ్వొత్తి పట్టుకొని కూర్చున్నాడు. గాలికి ఆరకుండా రెండవ చేయి అడ్డుపెట్టాడు. జ్వాల వెలుగు ఆ లేత వేళ్ళ గుండా ఎర్రగా పారుతున్నది. ఆ చిత్రం క్రైస్తవ గాథకు సంబంధించినదని నాకు తెలియనిది కాదు. కాని దానిని మొదటిసారి చూసినప్పుడు నాకు తోచినది ఒక్కటే: పని చేసే తండ్రికి దీపం పట్టిన పిల్లవాడు ఇతడు. ఈ లా తూర్ రెండు శతాబ్దాలకు పైగా లోకానికి గుర్తులేకుండా పోయి, 1915లో ఒక జర్మన్ పండితుని పరిశోధన వల్ల తిరిగి వెలుగులోకి వచ్చాడు. చీకటిని అంత చక్కగా వేసినవాని పేరే అంతకాలం చీకటిలో ఉండిపోయింది!

ఇప్పుడు నా చిత్రం సంగతి చెప్పవచ్చు. మా అబ్బా దర్జీ. నంద్యాల దాపున ఒక ఊరిలో ఇంటి ముందుగదియే ఆయన దుకాణం. నా చిన్నతనంలో రంజాన్ నెల వచ్చిందంటె మా ఇంట్లో రాత్రి అనేది ఉండేది కాదు. ఇఫ్తారు, తరావీ నమాజు ముగించుకొని వచ్చి అబ్బా మిషను ముందు కూర్చుంటె సహరీ వేళవరకు పెడలు చప్పుడు ఆగేది కాదు. పండుగకు ఊరిలో సగంమంది బట్టలు మా ఇంట్లోనే ఉండేవి. రాత్రిళ్ళు కరెంటు తరచుగా పోయేది. అప్పుడు హరికేన్ లాంతరు వచ్చేది. దాని చిమ్నీని బూడిదతో, పాతగుడ్డతో తుడిచి మెరిపించడం నా పని. దాదీమాకు సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం కూడా నా పనే, ఇంట్లో చిన్న కళ్ళు నావి గనుక. దాదీమా గుండీలు కుట్టేది. ఆపా అంచులకు తుర్పాయి చేసేది. అమ్మీ కాజాలు కుట్టేది. ఒక లాంతరు, ఐదుగురు మనుషులు, నడుమ తెల్లని బట్టల గుట్ట.

ఆ తెల్లని బట్టయే మా గదికి రెండవ దీపమని ఇప్పుడు చిత్రకారుని కంటితో తలచుకొంటె తెలుస్తున్నది. మిషను మీద పరచిన లాల్చీ గుడ్డ మీద లాంతరు వెలుగు పడి, అక్కడనుండి ఎగసి అబ్బా గడ్డం క్రింద, కళ్ళజోడు అంచుల మీద మెరిసేది. పైనుండి వెలుగు పడని ఆ ముఖం ఎప్పుడూ క్రిందనుండి వెలిగేది. ఆయన పనియే ఆయన ముఖానికి వెలుగు నిచ్చేదని చెప్పడం అలంకారం కాదు, నేను చూసిన వాస్తవం.

నేటికి దాదీమా లేదు. అమ్మీ పోయి ఐదేళ్ళయింది. అమ్మీ ముఖానికి గుర్తుగా మాకు మిగిలినది రేషను కార్డు మీది ఫోటో ఒక్కటే. అందులో ఆమె ముఖం గోరంత. అబ్బాకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. మిషను ముందు కూర్చోవద్దని అందరం బ్రతిమాలుకొన్నాం. ఊరివారు కూడా రెడీమేడ్ బట్టలకు అలవాటుపడ్డారు. ఆ గదిని నేను చిత్రించకపోతే అది ఎక్కడా ఉండదనే బెంగ నాకు పట్టుకొన్నది.

సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట అబ్బాతో చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు.

"ప్రాణమున్నవాళ్ళ బొమ్మలా?" అన్నారు చివరకు.

ప్రాణుల చిత్రాల విషయంలో మన ఇళ్ళలో ఒకే అభిప్రాయం లేదు. ఇంట్లో ఏ ప్రాణి బొమ్మా ఉంచనివారున్నారు. కుటుంబ ఛాయాచిత్రాలు ఉంచుకొనేవారున్నారు. పండితుల మధ్యనూ భేదాభిప్రాయాలున్నాయి. వాటిని తీర్చే అర్హత తెలుగు పాఠాలు చెప్పేవానికి లేదు. అబ్బా జీవితమంతా తనకు తెలిసిన నియమం ప్రకారం నడుచుకొన్న మనిషి. ఆయన మనస్సు నొప్పించి వేసిన చిత్రం ఆయనకు గౌరవం ఎట్లా అవుతుంది? "మీకు ఇష్టం లేకపోతే వేయను, అబ్బా" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

రెండు రోజులు గడిచాయి. మూడవ నాడు మధ్యాహ్నం భోజనమైన తరువాత ఆయనే అడిగారు:

"లాంతరు ఎక్కడ పెడుతున్నావు?"

"ఎక్కడ పెట్టేవాళ్ళో మీరే చెప్పాలి" అన్నాను.

"ఎడమ ప్రక్కన. కుడిచేత్తో కుట్టేవాడికి దీపం ఎప్పుడూ ఎడమ ప్రక్కనే ఉండాలి. కుడి ప్రక్కన పెడితే చేతి నీడ కుట్టు మీద పడుతుంది." ఆ తరువాత ఒక్కొక్కరు ఎక్కడ కూర్చునేదీ నేల మీద చేత్తో చూపించారు. "ఇక్కడ మీ ఆపా. తుర్పాయి కనపడకపోతే వంకర పోతుంది, అందుకని దీపం దగ్గర. ఇక్కడ మీ దాదీమా, నువ్వు. మీ అమ్మ అదిగో, గడప దగ్గర."

"అంత దూరంగానా? కాజాలకు కదా ఎక్కువ వెలుగు కావలసింది?"

"నేనూ అదే అనేవాణ్ణి. నా వేళ్ళకు కళ్ళున్నాయి, వెలుగు మీకు ఉండనివ్వండి అనేది."

విలోమ వర్గ సూత్రాన్ని నేను ఇంటర్మీడియట్‌లో చదివాను. దాని అర్థం నాకు ఆనాడు మా ఇంటి నేల మీద తెలిసింది. అబ్బా చూపిన చోట్లను బెత్తలతో కొలిచాను. లాంతరునుండి ఆపా ఎంత దూరంలో కూర్చునేదో దానికి సరిగ్గా రెట్టింపు దూరంలో అమ్మీ కూర్చునేది. అంటే నాలుగవ వంతు వెలుగు. ఒక్కొక్క చొక్కాకు ఐదారు కాజాలు, దారం పోగు ప్రక్కన పోగు తాకుతూ కుట్టవలసినవి. ఇంట్లో అన్నిటికంటె సన్నని పని ఆమెది, అన్నిటికంటె తక్కువ వెలుగు ఆమెది.

చిత్రం మొదలుపెట్టిన తరువాత నన్ను వేధించిన సమస్య ఇదే. ఏ ముఖాన్ని మళ్ళీ చూడాలన్న ఆశతో నేను ఈ పనికి పూనుకొన్నానో ఆ ముఖమే చిత్రంలో అందరికంటె మసకగా ఉండాలి. ఆమెను వెలుగులోకి తెచ్చుకోవడం నా చేతిలోని పని. కుంచె కొసన కొంచెం తెలుపు, కొంచెం పసుపు మన్ను తీసుకొంటె చాలు, ఆమె నుదురు మెరుస్తుంది. ఎవరూ తప్పు పట్టరు. కాని ఆ మెరుపుతో ఆమె చేసిన త్యాగం చెరిగిపోతుంది. ఆమె ఇష్టపూర్వకంగా ఇతరులకు వదలిన వెలుగును నేను తిరిగి ఆమెకు పూస్తే, ఆమె ఎవరో చూసేవారికి తెలియదు. చాలా వారాలు ఆ మూలను అట్లాగే విడిచి మిగిలిన చిత్రం పూర్తిచేశాను. మిషను, లాంతరు, తెల్లని బట్ట, అబ్బా వేలికి అంగుష్తానా, మనకు వీపు పెట్టి సూదిలో దారం ఎక్కిస్తున్న పిల్లవాడు అన్నీ వచ్చాయి. పిల్లవాని వీపు వాన్ గో అమ్మాయినుండి నేర్చుకొన్నదే. ఆ పిల్లవాని ముఖం చూపవలసిన అవసరం నాకు కనిపించలేదు.

చివరకు అమ్మీని చీకటిలోనే ఉంచాను. అయితే ఆ చీకటిని ఒక్కసారిగా పూయలేదు. ముందు ముఖాన్ని బూడిదరంగులో, నాకు జ్ఞాపకమున్నంత శ్రద్ధగా తీర్చాను. అది బాగా ఆరిన తరువాత దాని మీద అంబర్, నీలం కలిపిన పలుచని నూనెపొర పూశాను. అది ఆరాక మరొకటి. అట్లా ఐదు పొరలు, ఒక్కొక్క దానికి వారానికి తక్కువ కాకుండా వ్యవధి ఇచ్చి. చిత్రం ముందునుండి నడిచిపోయేవారికి గడప దగ్గర ఎవరో ఉన్నట్లు మాత్రమే తెలుస్తుంది. కొంతసేపు నిలబడి చూసేవారికి మెల్లగా ఒక నుదురు, వంచిన మెడ, దారాన్ని లాగుతున్న రెండు వేళ్ళు బయటపడతాయి.

పోయిన వేసవి సెలవులలో ఆ చిత్రాన్ని ఇంటికి తీసుకొని వెళ్ళాను. అబ్బా దానిని కిటికీ ప్రక్కన పెట్టించుకొని చాలాసేపు చూశారు. తన బొమ్మను గురించి ఒక్క మాటా అనలేదు. గడప మూల దగ్గరకు కళ్ళజోడు సరిచేసుకొని వంగారు.

"అవును. అక్కడే కూర్చునేది" అన్నారు.

తరువాత, "మిషను గదిలో పెట్టు. నమాజు చేసుకొనే గదిలో వద్దు" అన్నారు. ఆయన చెప్పిన చోటనే అది ఇప్పుడు ఉన్నది. తైలవర్ణ చిత్రం పూర్తిగా ఆరడానికి ఆరు నెలలనుండి ఏడాది పడుతుంది గనుక ఇంకా వార్నిష్ పూయలేదు. నూనె ఇంకిన చోట చీకటి కొంచెం పాలిపోయింది. వార్నిష్ పడితే ఆ లోతు తిరిగి వస్తుంది.

ఉర్దూలో "చిరాగ్ తలే అంధేరా" అనే సామెత ఉన్నది. దీపం క్రిందనే చీకటి అని తెలుగువారూ అంటారు. సామాన్యంగా దీనిని నిందగా వాడతాం. పండితుని ఇంట్లో చదువురాని కొడుకును చూపి అంటాం. లాంతరు ఎదుట కూర్చొని చిత్రం వేసినవానికి ఈ సామెత మరొక విధంగా వినిపిస్తుంది. నూనె ఉండేది దీపం అడుగున. ఆ నూనె తొట్టి నీడయే క్రింది చీకటి. వెలుగును మోసేది ఏదో అది తాను చీకటిలో ఉండవలసివస్తుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! నేడు మీ ఇళ్ళలో ఎల్.ఇ.డి. దీపాలున్నాయి. గది నాలుగు మూలలూ ఒకేవిధంగా వెలుగుతున్నాయి. లాంతరు చిమ్నీ తుడవవలసిన అవసరం మీకు లేకపోవడం సంతోషించదగిన విషయమే. అయినా మీ చదువుకోసం ఎవరో ఒకరు దీపానికి ఎడంగా జరిగి కూర్చొనే ఉంటారు. వారు ఎవరో, ఎంత దూరంలో కూర్చున్నారో మీరు కొలిచి చూడండి. మీలో బొమ్మ వేయగలవారు బొమ్మ వేయండి. దానికి మనసొప్పనివారు, ఉర్దూలోనో తెలుగులోనో, మీకు ఏది చేతనైతే అందులో ఒక పుట రాయండి. వచ్చే ఏటి సంచికలో వాటికి చోటు ఇవ్వవలసిందిగా సంపాదకవర్గానికి నా మనవి. ఒక్క నియమం మాత్రం పాటించండి: రాసే ముందు వారినే అడిగి, దీపం ఏ ప్రక్కన ఉండేదో తెలుసుకోండి.